బిళ్ల వెనక రెక్కలు

దేశం కాని దేశంలో, ఈ టోవా పాయో పేటలో మా ఎదురు ఫ్లాట్ కంసాలిగారు పోయిన మంగళవారం తెల్లవారాక కన్నుమూశారు. లిఫ్టు దగ్గర పక్కింటి చైనా ఆవిడ ఆ సంగతి చెబితే ఆవిడ మీదే కసురుకున్నాను. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన అలవాటు; వార్త నచ్చకపోతే చెప్పినవాళ్లదే తప్పంటాను.

మీలో చాలామంది ఆయన్ను ఎరగరు. ఇక్కడి మనవాళ్ల బజారు లిటిల్ ఇండియాలో ఒక కొట్టుకి జీవితమంతా నగలు చేసి, చేతులు వణకడం మొదలయ్యాక ఇంట్లో కూర్చున్నారు. ఎవరింటికి వెళ్లినా ఆడవాళ్ల మెడలోకి చూసేవారు. "మనుషుల్ని చూడరేమండీ?" అంటే, "ముందు పని, తర్వాత మనిషి, అక్కయ్యగారూ" అనేవారు.

రెండేళ్ల కిందట మా మనవరాలికి స్కూల్లో ఈజిప్టు పాఠం. మ్యూజియంలో ఆ దేశపు సమాధుల్లో దొరికిన ప్రాచీన నగలు పెట్టారంటే కంసాలిగారితో కలిసి ముగ్గురం వెళ్లాం. అద్దాల పెట్టెలో రెక్కలు చాచిన బంగారు డేగ, వాళ్ల దేవుడట, తల మీద సూర్యబింబం. కంసాలిగారు కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టి అద్దానికి ముక్కు ఆనించారు. "అంకుల్, వెనక్కి లా!" అని కాపలావాడు ఇక్కడి యాసలో రెండుసార్లు అన్నాడు.

"పక్షి మొహం దేవుడేమిటి, ఖర్మ!" అన్నాను.

"మన గరుత్మంతుడి ముక్కు ఎప్పుడూ చూడలేదేమిటి మీరు?" అని, నగ వెనక అమర్చిన అద్దం చూపించారు. "ముందువైపు రాళ్లు పొదిగాడు, సరే. వెనక చూడండి. ఒక్కో ఈకా విడిగా చెక్కాడు. ఒంటికి ఆనుకునే వైపు! ఎవరు చూస్తారని?"

"ఎవరు చూస్తారు, చచ్చినవాడే" అన్నాను. ఆయన నవ్వలేదు.

మనవరాలికి ఏదైనా చేయమని నా అరిగిన బంగారు గాజు ఆయనకిచ్చాను. నాలుగు నెలలు ఎదురు తలుపు వెనక సన్నగా సుత్తి చప్పుడు. పుట్టినరోజుకి తమలపాకులో పెట్టి తెచ్చారు: బొటనవేలి గోరంత డేగ.

"శవాల మెడలో బొమ్మ మా పిల్ల మెడలోనా? లక్ష్మీదేవిని చేసివ్వండి" అన్నాను, మొహం మీదే.

వద్దన్న నగను ఆ రూపంలో ఉంచకూడదని ఆయన పట్టింపు. "అలాగే అక్కయ్యగారూ" అని తీసుకెళ్లి కరిగించేశారు. తర్వాత లక్ష్మీదేవి బిళ్ల వచ్చింది. బాగుందన్నాను. తిప్పి చూడలేదు.

చూసింది మనవరాలు. మొన్న దీపావళికి, "అమ్మమ్మా, మన లక్ష్మీదేవికి వెనకాల వింగ్స్ ఉన్నాయి లా! నీకు తెలీదా?" అంది. తిప్పాను. ఒక్కో ఈకా విడివిడిగా, ఆ వణికే చేతులతో.

వెంటనే వెళ్లి ఎదురు తలుపు కొట్టాల్సింది. నాలుగడుగుల దూరం. బడిలో ఎంతమంది చేతనో తప్పులు ఒప్పించినదాన్ని, నా వంతు వచ్చేసరికి సరైన వాక్యం కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. లిఫ్టులో కనిపిస్తే వానల గురించి మాట్లాడాను.

మంగళవారం మధ్యాహ్నం మా బ్లాకు కింద ఖాళీ చావడిలో ఆయన్ను పడుకోబెట్టారు. వాళ్లావిడ నన్ను పక్కకు పిలిచింది.

"నోట్లో పెట్టడానికి ఇంత బంగారం కావాలి వదినగారూ. ఇంట్లో నలుసు లేదు. ఎవరిది వాళ్లకిచ్చేశారు." ఆయన తల కింద గుడ్డ సర్ది, "బిళ్ల చూసి మీరేమన్నా అన్నారా అని అడుగుతుండేవారు" అంది.

నా గొలుసు తెంపి ఒక గుండు తీశాను. పెదవులు విడదీసి నేనే పెట్టాను. ఆ చిన్న పూస పళ్ల దగ్గర ఆగి, ఒక్కసారి మెరిసి, లోపలికి జారింది.