పక్కింటి అక్క సంచి

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం, మా కల్లంలో జొన్నలకు బదులు తెరచాప పరిచారు. మా ఊరు శంషాబాద్‌కు మూడు మైళ్ళు. ఇప్పుడు మా చేల మీదుగానే విమానాలు దిగుతున్నాయి కానీ, అప్పట్లో జొన్న, ఆముదం తప్ప కంటికి మరొకటి ఆనేది కాదు. అలాంటి ఊళ్ళో అంత పెద్ద తెల్లగుడ్డ చూసి, దారిన పోయేవాళ్ళు ఆగి పెండ్లి ఎవరిదని అడిగేవారు. అది షామియానా కాదనీ, తన తమ్ముడి పడవకు కట్టే గుడ్డ అనీ మా అమ్మ విసుక్కుంటూ చెప్పేది. వాళ్ళు ఇంకాస్త అయోమయంలో పడి వెళ్ళిపోయేవారు.

అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, పదహారేళ్ళకే ఇల్లు వదిలి కాకినాడ చేరాడు. అక్కడ ఒక ఆసామి తెరచాప పడవను చూసుకునే పని ఆయనది. ఏడాదికోసారి వచ్చి పది రోజులు ఉండేవాడు. ఆ ఏడు మాత్రం చిరిగిన తెరచాపను కూడా వెంట తెచ్చుకున్నాడు, కుట్టుకోవడానికి మా కల్లమంత చదునైన చోటు ఇంకెక్కడా లేదని. తిరిగి వెళ్ళగానే పడవను కాకినాడ నుంచి భీమునిపట్నం చేర్చాలట. ఒడ్డు వెంబడి మూడు రోజుల ప్రయాణం. మామ, మా అత్త, చుక్కాని పట్టే సరంగు ఒకడు వెళ్తారు. ఇంకొక్కరికి, అదీ చిన్నవాళ్ళకైతేనే, చోటుంది.

ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు కాలు నిలిస్తే ఒట్టు. ఆ చోటు నాదేనని నిశ్చయించేసుకున్నాను. మేనల్లుణ్ణి, పైగా మగపిల్లవాణ్ణి. ఇక అడ్డేముంది అనుకున్నాను.

అడ్డం పక్కింట్లోనే ఉంది. ఆ ఇంటి అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్న రాజేంద్రనగర్‌లో వ్యవసాయ కాలేజీ పొలాల్లో పని చేసేవాడు. ఆదివారం పొద్దున వాళ్ళింటిల్లిపాదీ చర్చికి వెళ్ళేవారు, మిగతా ఆరు రోజులూ ఆ పిల్ల మా ఇంట్లోనే ఉన్నట్టు ఉండేది. తెరచాప పరిచిన మర్నాడే వచ్చి కూర్చుని, తనకూ ఒక సూది ఇవ్వమంది. మామ తన అరచేతికి కట్టుకునే తోలుపట్టీ విప్పి ఆమె చేతికి కట్టాడు. ఆమె కుట్టు సన్నగా, తిన్నగా సాగింది. నేనూ కుట్టాను. నేను కుట్టింది సాయంత్రం మామ విప్పేశాడు.

ఆమె కూడా ఆయన్ని మామా అనే పిలిచేది. మా పల్లెల్లో అందరూ అందరినీ ఏదో వరస పెట్టి పిలుచుకుంటారు, అందులో వింత లేదు. కానీ ఆ పది రోజులూ ఆ పిలుపు ఆమె నోట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన నా మామ. ఆమెకు మామలు లేకపోతే అది నా తప్పా?

మామ దృష్టిలో పడవ నడపడం పెద్ద పని కాదు, ఎక్కే ముందు సర్దుకోవడమే పని. వరండాలో చాప పరిచి దాని మీద సామానంతా పెట్టుకునేవాడు. తాళ్ళు, దిక్సూచి, లాంతరు, మైనంలో ముంచి ఆరబెట్టిన అగ్గిపెట్టెలు, గాయానికి పూసే మందు, ఉప్పూ చక్కెరా కలిపి కట్టిన పొట్లాలు, వాంతి వచ్చినప్పుడు చప్పరించడానికి ఎండబెట్టిన నిమ్మతొక్కలు. మూడు రోజుల ప్రయాణానికి ఆరు రోజుల నీళ్ళు పెట్టుకోవాలనేవాడు. గాలి ఆగిపోతే పడవ ఎక్కడున్నది అక్కడే ఉంటుందట, చుట్టూ నీళ్ళే ఉన్నా గుక్కెడు తాగడానికి పనికిరావట. మా అత్త పక్కన కూర్చుని బెల్లం గడ్డలు కాగితంలో చుడుతూ, ఆయన మరిచిపోయినవి మెల్లగా అందించేది.

పడవలో ఉన్న ఆ ఒక్క చోటు అక్క కూడా అడిగింది. మామ మా ఇద్దరికీ చెరో ఖాకీ సంచి ఇచ్చాడు. ఎన్నో జేబులున్న సంచులవి. ఏమేం ఉండాలో చెరో కాగితం మీద రాసిచ్చి, నాలుగు రోజుల గడువు పెట్టాడు.

"చీకట్ల దీపం ఆరిపోతది, గాలి కొడ్తది. గప్పుడు కన్నుకు పనుండదు, చెయ్యికే ఉంటది. కండ్లకు గంతలు కట్టి అడుగుత. ఎవలు సక్కగ తీసి చూపిస్తరో వాళ్ళే నాతోని వస్తరు" అన్నాడు.

ఆ నాలుగు రోజులు నేను ఏం చేశానో దాచకుండా చెబుతాను. అక్కను చూస్తూ కూర్చున్నాను. ఆమె ఏ జేబులో ఏం పెట్టింది, ఎందుకు తీసింది, మళ్ళీ ఎక్కడ పెట్టింది, అన్నీ చూశాను. బ్యాటరీ లైటును గుడ్డలో చుట్టింది కదా, నేనూ చుట్టాలా అని ఆలోచించాను. ఆమె నీళ్ళ సీసా మూత జారిపోకుండా దారం కట్టింది. ఆ ఉపాయం నాకెందుకు రాలేదని ఒక పూటంతా ఉడికిపోయాను. గోడ మీద నుంచి, తలుపు సందులోంచి, ఆఖరికి చింతచెట్టు ఎక్కి కూడా చూశాను. నా సంచిలో చేతికందినవి కుక్కేశాను. సర్దుకోవడానికి ఇంకా టైముందిలే అనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం మామ ఆమెను చూసి, మా అమ్మతో, ఈ పిల్ల చెయ్యి మస్తు కుదురున్నది అక్కా, అన్నాడు. నా ముందే అన్నాడు. అక్క సంచి వరండాలో మేకుకు తగిలించి ఉంది. అందరూ కల్లం వైపు వెళ్ళగానే దాని ఎడమ జేబులోంచి ఇత్తడి ఈల తీసి, కోళ్ళగూటి మీద పెంకు కింద దాచేశాను. మామ కాగితంలో ఈల ఎందుకు రాశాడో నాకు తెలియదు. పడవలో ఆడుకోవడానికేమో అనుకున్నాను. ఒక్క వస్తువు తగ్గితే చాలు, ఆమె ఓడిపోతుంది. నాకు కావలసింది అదే.

పొద్దున్నే వాకిట్లో పరీక్ష. ముందు అక్క. మామ తువ్వాలతో కళ్ళకు గంత కట్టాడు. ఆయన అడగడం, ఆమె తీయడం. కత్తి, లైటు, అగ్గిపెట్టె, పొట్లాలు. ఎక్కడా తడుముకోలేదు. ఈల అడిగాడు. ఆమె చెయ్యి ఎడమ జేబులోకి వెళ్ళి ఆగింది. మళ్ళీ వెతికింది. మిగతా జేబులన్నీ వెతికింది.

"నిన్న పెట్టిన మామా. నా చేత్తోనే పెట్టిన" అంది.

మామ ఆమె గంత విప్పాడు. ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. "నీళ్ళల్ల పడ్డ మనిషి ఎంత మొత్తుకున్నా గాలికి ఇనపడది బిడ్డా. అలల నడుమ తల్కాయ కూడ అవుపడది. ఈల ఒక్కటే ఇనపడ్తది. అది లేకుంటే మేం పడవ తిప్పుకొచ్చినా మనిషి దొరకడు."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. కొన్నేళ్ళ క్రితం మొదటిసారి విమానం ఎక్కినప్పుడు, అందులో పనిచేసే అమ్మాయి నీళ్ళలో తేలే జాకెట్టు చూపించి, దానికి కట్టిన ఈల పట్టుకోగానే నా ముఖం పాలిపోయిందట. ఏమైందని మా ఆవిడ కంగారుపడింది. విమానమంటే భయమని అబద్ధం చెప్పాను.

తర్వాత నా వంతు. కళ్ళకు గంత పడింది. మామ కత్తి అడిగాడు, నా చేతికి దుప్పటి వచ్చింది. లైటు దొరికింది, అందులో బ్యాటరీలు లేవు. పొట్లాలు అసలు పెట్టనే లేదు. అక్క పెట్టుకోవడం నాలుగు రోజులూ చూశాను కాబట్టి, నేనూ పెట్టుకున్నాననే అనుకున్నాను. మామ నా చేతిలోంచి సంచి తీసుకున్నాడు.

"సరే అల్లుడా. అక్క సంచిల ఏమేమున్నయో చెప్పు."

ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టాను. కుడి పక్క పెద్ద జేబులో కత్తి, దానికి మూరెడు తాడు. దాని వెనక లైటు, నీలం గుడ్డలో. పై జేబులో అగ్గిపెట్టె. గడగడా చెబుతున్నాను, కొంచెం గర్వంగా కూడా ఉంది. ఎడమ జేబు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

"ఆగినవేంది? ఇంకో జేబున్నది గద" అన్నాడు మామ.

గంత కట్టి ఉంది కాబట్టి నాకు ఎవరి ముఖమూ కనపడలేదు. అదే నయమైంది. ఈల అన్నాను. ఎక్కడున్నదని అడిగాడు. చెప్పాను. అక్క అడుగులు నా పక్క నుంచి వెళ్ళిపోయాయి, కాసేపటికి కోళ్ళు అరుచుకుంటూ చెదిరిపోవడం వినపడింది. తువ్వాల తడిసిపోయింది.

దెబ్బలు పడతాయనుకున్నాను. పడి ఉంటే బాగుండేది. మామ గంత విప్పి, నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. "నాలుగు దినాలు నీ కన్ను ఆమె సంచి మీదనే ఉన్నది. ఇగ నీ సంచి ఎవలు చూడాలె?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అడిగినట్టే అడిగాడు. తర్వాత అక్క సంచి తెచ్చి మొత్తం చాప మీద గుమ్మరించాడు. "ఆమె సంచి ఆమె కంటె నీకే ఎక్కువ ఎరుక. సర్దు. ఆమె పానం నీ చేతిల పెడుతున్న."

నేను సర్దాను. అక్క ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే అందించింది. పశ్చాత్తాపంతో మనసు కడిగిన ముత్యమైందని చెప్పాలనే ఉంది కానీ, అది నిజం కాదు. ఆమె వెళ్తున్నందుకు, నేను వెళ్ళనందుకు, లోపల సెగలు పొగలుగానే ఉంది. నువ్వంటే నాకు పడదు అనుకుంటూనే అగ్గిపెట్టె పైజేబులో పెట్టాను. ఈలకు తాడు గుచ్చి, జేబులో వద్దని, సంచి భుజం పట్టీకి కట్టాను. అక్కడైతే వెతుక్కోనక్కర్లేదు. రెండు ముళ్ళు వేసి, చాలక మూడోది వేసి, పళ్ళతో బిగించాను. మామ ఒకసారి లాగి చూసి, తల ఊపాడు.

మర్నాడు మామనీ అత్తనీ అక్కనీ శంషాబాద్‌లో బస్సు ఎక్కించడానికి అందరం వెళ్ళాం. ఆ బస్సు ఆరాంఘర్ మీదుగా పట్నం చేరితే అక్కడి నుంచి రైలు. అక్క వాళ్ళమ్మ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అక్క బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"గట్టిగ కట్టినవా?"

"కట్టిన అక్కా."

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. వేపకొమ్మలు గాలికి ఊగితే చాలు, ముడి ఊడిందేమోనని గుండె ఝల్లుమనేది. అక్క వాళ్ళమ్మ ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. నేను అంతకుముందు కోరుకున్నది ఆమె ఓడిపోవాలనే. ఇప్పుడు ఆమె మామూలుగా, ఎప్పటిలాగే గోడ దాటి వచ్చి మా ఇంట్లో కూర్చుంటే చాలు దేవుడా అనుకున్నాను.

వచ్చింది. ముక్కు మీద చర్మం ఊడి, నల్లగా మాడిపోయి వచ్చింది. ఈల ఒక్కసారన్నా ఊదవలసిన పని పడలేదట. ఆ మాట విని నా ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే, పడవ పక్కన ఎగిరిన చేపల గురించి ఆమె చెప్పడం మొదలుపెట్టేసరికి, మళ్ళీ కన్ను కుట్టింది.

ఈర్ష్య మనిషిని వదిలిపోతుందంటే నేను నమ్మను. నన్ను వదల్లేదు. అది లోపల ఉండగానే ఎదుటివాళ్ళకు చేయవలసింది సరిగ్గా చేయవచ్చని మాత్రం ఆ చాప మీద తెలుసుకున్నాను. నేను బడిపంతులుగా ఉన్న చివరి ఏళ్ళలో, నా తర్వాత ఎంతో కాలానికి ఉద్యోగంలో చేరినవాడు నాకు హెడ్మాస్టరుగా వచ్చాడు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు, అన్నం చేదు. అయినా అతను వచ్చేలోగా ప్రతి గదికీ, ప్రతి బీరువాకూ తాళంచెవి వెతికి, చీటీ కట్టి గుత్తి చేశాను. అది అతని చేతిలో పెట్టాను. నేను నవ్వలేకపోయాను. గుత్తిలో మాత్రం ఒక్క తాళంచెవి తగ్గలేదు.