తన పాటకు తానే టికెట్టు

రగ్బీ మ్యాచ్‌కు వెళ్లడం మానేస్తానని మా తాత ఇద్వల్ ప్రాబర్ట్ మొదటిసారి ఒట్టు పెట్టుకున్నది నేను పుట్టకముందట. అప్పట్లో గేటు దగ్గర చిల్లర ఇచ్చి లోపలికి వెళ్లేవారు. ఆ చిల్లర కాస్తా నోటయిన ఏడాది ఆయన ఒట్టేశాడు. తర్వాతి శనివారానికే దాన్ని తీసి గట్టున పెట్టాడు. అప్పటినుంచి ధర పెరిగినప్పుడల్లా ఒట్టు, ఒట్టు వెనకాలే టికెట్టు. అందుకే జూన్‌లో క్లబ్ నుంచి ఉత్తరం వచ్చి, ఆయన దాన్ని బల్లమీద విసిరికొట్టినప్పుడు అమ్మమ్మ మెన్నా తలెత్తి కూడా చూడలేదు.

"ఈసారి నిజంగానే మెన్నా."

"అలాగే. మ్యాచ్‌కు వేసుకెళ్లే ఎర్ర కండువా ఉతకమంటావా, దాచమంటావా?"

"తగలెయ్."

ఉత్తరం నేను పైకి చదివాను. పాంట్‌వెర్న్ మైదానంలో తూర్పు స్టాండుకు ఇకనుంచి స్వరాల స్టాండు అని పేరట. ఒక్కో మ్యాచ్‌కు సీటు ముప్పై ఎనిమిది పౌండ్ల నుంచి యాభై రెండు అయిందట. 'ఈ స్టాండులోని అపురూపమైన గానవాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని' అని రాశారు.

తాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ చివరి ముక్క మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించాడు.

ఆ గానవాతావరణం ఎక్కణ్ణుంచి వచ్చిందో మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. తాత ముప్పై ఒక్క ఏళ్లు రేకుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. రోలింగ్ మిల్లు చప్పుడుకు ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవి మాత్రం ఇప్పటికీ మా చాపెల్‌లో, అంటే ఊరి చిన్న చర్చిలో, పాడే గాయకబృందంలో అందరికంటే నిక్కచ్చి. కోటు జేబులో ఎప్పుడూ శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్కు ఒకటి ఉంటుంది. మ్యాచ్‌లో విరామం అయ్యి ఆటగాళ్లు మళ్లీ మైదానంలోకి వచ్చేవేళ, తూర్పు స్టాండు మూడో వరసలో కూర్చున్న తాత ఆ ఫోర్కును మోకాలికేసి కొట్టి, కుడిచెవి దగ్గర పెట్టుకుని, సన్నగా శ్రుతి పలికేవాడు. పక్కనున్న ఏడుగురు చాపెల్ మనుషులు దాన్ని అందుకునేవారు. వాళ్ల వెనక స్టాండులోని నాలుగు వేల మందీ కీర్తన ఎత్తుకునేవారు. తాతకు హెర్నియా ఆపరేషన్ అయిన ఏడాది మూడు మ్యాచ్‌లకు వేరెవరో పాట ఎత్తారు. మరీ పైస్థాయిలో ఎత్తడంతో మూడో పాదానికి వచ్చేసరికి స్టాండు మొత్తం గొంతు పట్టేసిన కోడిపుంజులా కూసిందట. నవ్వితే కుట్లు పిగులుతాయని అమ్మమ్మ ఆ సంగతి ఆయనకు నెల తర్వాత చెప్పింది.

ఆ ఏడుగురిలో హెద్విన్ ప్రాణస్నేహితుడు. కింది స్వరం పాడేవాడు. ప్రతి పాదంలోనూ చివరి మాటకు ముందు ఊపిరి తీసుకోవడానికి ఆగేవాడు, అందువల్ల ప్రతిసారీ అర క్షణం ఆలస్యం. నలభై ఏళ్లు ఇద్దరూ దానిమీదే పోట్లాడుకున్నారు. "నీ కోసం నాలుగు వేలమంది ఆగాలట్రా?" అనేవాడు తాత. "ఆగితే వాళ్ల సొమ్మేం పోయింది?" అనేవాడు హెద్విన్. పోయిన జనవరిలో హెద్విన్ చనిపోయాడు. మిగతావాళ్లు అంతకుముందే ఒక్కొక్కరుగా టికెట్టు ధరకు జడిసి పబ్బులో టీవీ ముందు స్థిరపడ్డారు.

ఆ రోజు తాత క్లబ్ సహాయ నంబరుకు ఫోన్ చేయించాడు. నేను నంబరు కలిపి, స్పీకరు పెట్టి, పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను. తెలియనివాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి.

"ధర ఎందుకు పెంచారమ్మా?"

"ఆ స్టాండులో పాటల అనుభవం ఉంటుంది సార్. చాలామంది ప్రత్యేకంగా అదే అడుగుతున్నారు."

"ఆ పాట ఎత్తేది నేనే తల్లీ."

"చాలా సంతోషం సార్. అయితే మీకు ఆ స్టాండే బాగా నచ్చుతుంది."

తాత ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నాకేమన్నా పిచ్చెక్కిందా, ఆ పిల్లకెక్కిందా?"

"సార్, బుకింగ్ రుసుము రెండు పౌండ్ల డెబ్బై ఐదు పెన్నీలు అదనం. టికెట్టు మీరే ఇంట్లో ముద్రించుకోవచ్చు."

"నా కాగితం, నా సిరా, నేనే ముద్రించుకుంటే మీకు రుసుమెందుకు?"

"సౌకర్యం కోసం సార్."

తాత సీటు వదులుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా కూర్చున్న సీటు. ఈసారి ఒట్టు జూలై దాటింది, ఆగస్టు దాటింది. అమ్మమ్మ ఎర్ర కండువాను మడిచి అలమారలో పెట్టేసింది. ఆయనను ఏడిపించడం కూడా మానేసింది.

సెప్టెంబరులో మొదటి మ్యాచ్‌రోజున తాత బంగాళాదుంపలు తవ్వడానికి బయల్దేరాడు. కౌన్సిల్ వాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్న మా మడి కొండవాలు మీద ఉంటుంది. సరిగ్గా కిందే మైదానం. అక్కడినుంచి ఆట కనబడదు, తూర్పు స్టాండు కప్పు అడ్డం. చప్పుడు మాత్రం అంతా పైకి వస్తుంది. దుంపలు తవ్వడానికి ఆ రోజే ఎందుకు అని నేనడగలేదు. ఫ్లాస్కులో టీ పట్టుకుని వెంట వెళ్లాను.

విరామం అయింది. తాత పార మీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"చూస్తుండు. ఇప్పుడు ఎవడో చుక్కల్లో ఎత్తుతాడు. మూడో పాదానికి అందరి గొంతులూ చిరుగుతాయి."

పాట మొదలైంది. మూడో పాదం వచ్చింది, వెళ్లింది. ఎవరి గొంతూ చిరగలేదు. శ్రుతి నిక్కచ్చిగా ఉంది. ఆ సంగతి నాకు తాత ముఖం చూశాకే తెలిసింది.

"ఎవడెత్తాడు?"

"ఎవరైనా నేర్చుకున్నారేమో తాతా."

"మూడు నెలల్లోనా? ఆ స్థాయి చాపెల్‌లో నాకూ హెద్విన్‌కూ తప్ప ఎవడికీ తెలీదు." పార అక్కడే గుచ్చేశాడు. "వాడెవడో చూడాలి."

మా మైదానంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఆటలో ఇరవై నిమిషాలు మిగిలాయనగా, తొందరగా ఇంటికి వెళ్లేవాళ్ల కోసం తూర్పు గేటు తెరిచేవారు. ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు దిగినవాళ్లు, చేతిలో పైసా లేనివాళ్లు ఆ గేటులోంచే ఉచితంగా లోపలికి వెళ్లి ఆఖరి ఆట చూసేవారు. తాత తన మొదటి మ్యాచ్ అలాగే చూశాడు. బురద బూట్లతో కొండ దిగుతున్నంతసేపూ ఆ గేటే ఆయన మనసులో ఉంది.

గేటు తెరిచే ఉంది. అడ్డంగా పచ్చకోటు వేసుకుని కారిస్ నిలబడింది. మాంసం కొట్టు వాళ్ల మనవరాలు, నాతో బడిలో చదువుకుంది.

"ఇది బయటికి పోవడానికే తాతా. లోపలికి టికెట్టు ఉండాలి."

"ఒక్క నిమిషం. ఆ పాట ఎత్తినవాణ్ణి చూసి వచ్చేస్తా."

కారిస్ ఇబ్బందిగా నా వైపు చూసింది. "ఎవరూ ఎత్తలేదు తాతా. స్పీకర్లలో వేశారు. రెండేళ్ల కిందట మైకులు పట్టుకుని వచ్చి రికార్డు చేసుకున్నారే, అది. పాడింది మీరే."

నాకు గుర్తొచ్చింది. ఎవరో ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఎనిమిది మందికీ తలో అనుమతి కాగితం, తలో మాంసం కూరిన రొట్టె ఇచ్చారు. పాట జ్ఞాపకంగా దాచుకోవడానికేమో అనుకుని అందరూ రొట్టె తింటూ సంతకం పెట్టారు. తాత కాగితం నాకిచ్చి, ఏముందో చూడమన్నాడు. నేను ఏదో నవల మధ్యలో ఉన్నాను. ఏం పర్వాలేదు, పెట్టెయ్ తాతా అన్నాను.

తాత గేటులోంచి లోపలికి తొంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అంటే నేను లోపల ఉన్నాను."

"అదీ..."

"లోపల పాడుతున్నది నేనే. నన్ను లోపలికి పంపకపోతే పోనీ, ఆ నన్ను బయటికి పంపు."

"తాతా, నన్ను ఉద్యోగంలోంచి తీయించకు. ఆఖరి ఐదు నిమిషాలకు మళ్లీ వేస్తారు, ఇక్కడే నిలబడి విను."

ఆయన ముఖం మారిపోయింది. "హెద్విన్ కూడా ఉన్నాడా అందులో?"

"నాకేం తెలుసు? ఇక్కడికి వట్టి మోతే వినిపిస్తుంది."

తాత నా వైపు తిరిగాడు. "టికెట్టు ఎంతో చూడు."

ఫోన్లో చూశాను. "యాభై ఆరు."

"యాభై రెండన్నారుగా?"

"ఆట గట్టిపోటీగా ఉందట. అలా ఉంటే ధర దానంతటదే పెరుగుతుందట."

"మిగిలిన పద్దెనిమిది నిమిషాలకు యాభై ఆరు. ఓడితే వెనక్కిస్తారా?" నేను రుసుము సంగతి ఎత్తలేదు. "కొను. నీకూ ఒకటి. మీ అమ్మమ్మకు చెప్పకు."

లోపల ఆయన సీటులో ఎవరో పెద్దమనిషి రెండు మోకాళ్ల మీదా చిప్సు పెట్టుకుని కూర్చున్నాడు. మాకు ఇచ్చిన సీట్లకు పోకుండా తాత మెట్లమీదే, స్పీకరు కింద నిలబడ్డాడు.

"కాస్త జరుగుతారా?" అంది వెనకనుంచి ఒకావిడ. "డబ్బు పోసి వచ్చాం."

"నీకంటే నాలుగు ఎక్కువే పోశానమ్మా" అన్నాడు తాత, కదలకుండా.

ఆఖరి ఐదు నిమిషాలు. తెరమీద 'మాతో కలిసి పాడండి' అని పడింది. స్పీకరులోంచి మా తాత సన్నగా శ్రుతి పలికాడు. చుట్టూ కొందరు గొంతు కలిపారు, చాలామంది ఫోన్లెత్తి వీడియో తీసుకున్నారు. తాత చేతిలో ట్యూనింగ్ ఫోర్కు ఉంది. మోకాలికేసి కొట్టలేదు. పాడనూ లేదు. కుడిచెవిని స్పీకరుకు ఒగ్గి నిలబడ్డాడు. చివరి మాట అందరూ ముగించారు. అర క్షణం తర్వాత, అడుగునుంచి, ఒకే ఒక్క గొంతు వచ్చి ముగించింది.

"ఇంకా ఆలస్యమే వెధవ" అన్నాడు తాత.

రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఇంటికి చేరేలోపే కారిస్ వాళ్లమ్మ ఫోన్ చేసి అమ్మమ్మకు అంతా చెప్పేసింది. అలమారలోంచి తీసిన కండువా కుర్చీమీద ఉంది.

సోమవారం క్లబ్ నుంచి ఫోన్లోకి ఒక అభిప్రాయ సేకరణ పత్రం వచ్చింది. మీ అనుభవానికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగారు. ధరకు సున్నా వేయమన్నాడు తాత. ఆ పత్రం ఒకటి కంటే తగ్గించనివ్వలేదు. సంగీతం గురించి ఏమైనా చెప్పదలచుకున్నారా అని అడిగినచోట చాలాసేపు ఆలోచించి నాచేత రాయించాడు: 'కింది స్వరం పాడే మనిషి చివరి మాటకు ఆలస్యంగా వస్తాడు. దాన్ని సరిచేయకండి.'

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. 'సమస్యను మా దృష్టికి తెచ్చినందుకు కృతజ్ఞతలు. మీ ఫిర్యాదును సాంకేతిక విభాగానికి పంపాం. వచ్చే మ్యాచ్‌లోగా సరిచేస్తారు.'

తాత చదివించుకుని చెయ్యి చాపాడు. "ఫోన్ ఇలా ఇవ్వు. ఆ సహాయ నంబరు కలుపు."

"వాళ్ల జోలికి పోనని ఒట్టేశావుగా?" అంది అమ్మమ్మ.

"అది టికెట్టు సంగతి."

మా ముందు ఇరవై ఏడుగురున్నారట. అందాకా సంగీతం వినమన్నారు. తాత ఫోన్‌ను కుడిచెవికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆ సంగీతం శ్రుతి తప్పిందట.