కీప్ అనే మాటా, బొంతలో కుట్టిన కాగితమూ

నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు ఈమధ్యే మా మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. అది ఈ ఏడే ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చేరింది. ఘాజియాబాద్ నుంచి రోజూ మెట్రోలో పోయొస్తుంది.

ఒక ఇంగ్లీషు క్రియ తీసుకుని, దాని అర్థాలూ, పుట్టుకా, ఇంటి భాషలో ఏమంటారో రాసుకు రమ్మని వాళ్ళ టీచరమ్మ చెప్పిందట. ఇది ‘కీప్’ ఎంచుకుంది. చిన్న మాటైతే తొందరగా తెముల్తుందని. పనిదొంగ.

బుధవారం కాలేజీ లేదు. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే వచ్చి పక్కన కూలబడింది.

“నానమ్మా, కీప్ అంటే ఉంచు. బస్, హో గయా.”

“అవ్వలేదు. గిన్నె గట్టుమీద ఉంచుతాం. ఆవునో?”

“కీప్ ఎ కౌ.”

“ఆవుని ఉంచుతామటే? పెంచుతాం. రాసుకో. మాటిస్తే నిలబెట్టుకుంటాం. రహస్యమైతే దాచుతాం. ఏకాదశికి ఉపవాసం ఉంటాం.”

“ఇన్ని మాటలెందుకు? హిందీలో హాయి, అన్నిటికీ రఖ్‌నా. గాయ్ రఖ్‌నా, వ్రత్ రఖ్‌నా.”

“పప్పూ పాయసమూ ఒకే గిన్నెలో వండుకుంటావా?”

అది నవ్వి రాసుకుంది. “మరి కీప్ టాకింగ్ అంటే?”

“వాగుతూనే ఉండడం. చివర ‘నే’ తగిలిస్తే చాలు. వాగుతూనే, తింటూనే, ఫోను చూస్తూనే.”

“యే సబ్ మేరే లియే?”

“నీక్కాక ఎవరికే? ఇంకోటి రాసుకో. విలువైనది భద్రంగా పెడితే జాగ్రత్త చెయ్యడం అంటాం.”

“నా టెంత్ సర్టిఫికెట్‌లాగా! మంచి గుర్తుచేశావు. అది తీసివ్వు నానమ్మా. శుక్రవారం లోపల ఒరిజినల్ చూపించకపోతే అడ్మిషన్ క్యాన్సిల్ చేస్తారట. డూప్లికేట్ కావాలంటే నెల పడుతుంది.”

ఈ పిల్లకి సీటు ఎంత కష్టంమీద వచ్చిందో నాకు తెలుసు. “ఇస్తా ఉండు” అని ధీమాగానే లేచాను.

వేసవిలో సర్కారు క్వార్టర్ ఖాళీ చేసి ఈ ఫ్లాటుకి వచ్చేటప్పుడు, మూటల్లో ఎక్కడ పోతుందోనని ఆ కాగితం నేనే తీసుకున్నాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పాత చీరల బొంతలో రెండు పొరల మధ్య పెట్టి కుట్టేశాను. మా అమ్మ పొలం కాగితాలు అలాగే దాచేది. దొంగలు బీరువాలు వెతుకుతారుగాని పాత బొంత ముట్టుకోరు అనేది.

మంచం కింది పెట్టె తెరిచి బొంత తీశాను. మూల కుట్టు విప్పాను. గుడ్డ తప్ప ఏమీ లేదు. రెండో మూల, మూడో మూల. అన్నీ విప్పాక అప్పుడు వెలిగింది. అవే చీరలతో రెండు బొంతలు కుట్టాను. రెండోది నిన్ననే ఇచ్చేశాను, గేటు దగ్గర పాతబట్టలకి స్టీలు సామాను ఇచ్చే ఆమెకి. మూత డబ్బా కోసం.

మనవరాలు ఆ గుడ్డపొరలు మళ్ళీ ఒక్కొక్కటే దులిపి చూసింది. తిట్టినా బాగుండేది.

“చెప్పులేసుకో” అన్నాను.

ఆమె ఇల్లు కూరల మండీ వెనకాల అని గేటు కాపలాదారు చెప్పాడు. ఈ-రిక్షాలో దారి పొడుగునా నాకు నిన్నటి బేరమే గుర్తొచ్చింది. ఆమె ఇంకొక్క చీర వెయ్యమంది. “ఇస్తే ఇయ్యి, లేకపోతే నీ డబ్బా నువ్వే పట్టుకుపో” అన్నాను. అలాంటిదాన్ని, ఇప్పుడు ఏ మొహంతో అడగను? అసలు బొంత ఈపాటికి ఏ సంతకి చేరిందో?

ఆమె గుమ్మంలో కూర్చుని బట్టలు వేరు చేస్తోంది. మా కోడలి ఈడుంటుంది. నన్ను చూసి, “ఆయియే అమ్మాజీ! డబ్బా వాపస్ ఇవ్వడానికి వచ్చారా?” అంది.

సంగతంతా మనవరాలే హిందీలో చెప్పింది. ఆమె పూర్తిగా వినకుండానే లోపలికి వెళ్ళింది. ఒక్క నిమిషం. వచ్చేటప్పుడు చేతిలో నా ప్లాస్టిక్ కవరు.

“మడత పెడుతుంటే గరగరమంది దీదీ, విప్పి చూశాను” అంది మనవరాలితో. “నాకు చదువు రాదు. మా అమ్మాయి చూసి, మార్కుల కాగితం, పారెయ్యకు అంది. మళ్ళీ మంగళవారం వస్తాను కదా, అప్పుడిద్దామని నా పెట్టెలో పెట్టాను.” తరవాత నావైపు తిరిగింది. “ఒక్క చీర దగ్గర అంత గట్టిగా ఉన్నారు. ఇదేమో ఊరికే ఇచ్చేశారే అమ్మాజీ!”

మనవరాలు పకపకా నవ్వింది. నేను ఆమె వేసిన స్టూలు మీద కూర్చుండిపోయాను. మంచినీళ్ళిస్తే తాగాను.

“ఏమివ్వమంటావు తల్లీ?” అన్నాను. తెలుగులోనే అన్నాను, ఆమెకి అర్థమైంది.

“నిన్నటి చీర.”

ఇస్తానన్నాను. బేరమాడలేదు.

తిరిగొచ్చేటప్పుడు మనవరాలికి మళ్ళీ నోరొచ్చింది. ఫోనులో చూసి చదివింది. కీప్ అంటే పాతకాలంలో పట్టుకోవడం, కనిపెట్టి చూడడం అట. ఇంగ్లీషులోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అంతు చిక్కలేదట. పక్క భాషల్లో దానికి చుట్టాలే కనబడలేదట.

“దిక్కూ మొక్కూ లేని మాటన్నమాట” అన్నాను.

“కానీ నానమ్మా, డిక్షనరీలో పేజీలకి పేజీలు దానివే.”

“మరైతే సగమే రాశావు. ఇంటికెళ్ళి మిగతాది రాయి.”

శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేసింది. “నానమ్మా, దిఖా దియా, చూపించేశాను! ఠీక్ హై అన్నారు.”

“కాగితం తిరిగిచ్చారా?”

“ఇచ్చారు. బ్యాగులో పెట్టా.”

“జిప్పు?”

“వేశాను బాబా, వేశాను!”

రెండు రోజులుగా ఏదో కొరికి వదిలేస్తున్నదాన్ని, ఆ పూట చిక్కుడుకాయ కూర వేసుకుని కడుపునిండా తిన్నాను. మారు అన్నం కూడా పెట్టుకున్నాను.