నాడి తగలని వేళ్లు

ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసే నర్సమ్మకు ఆఫీసువాళ్లు ట్యాబ్ ఇచ్చినప్పటి నుంచి మెడ ఆమె మాట వినడం మానేసింది. కట్టు మార్చడం, బీపీ చూడడం ఆమెకు మంచినీళ్ల ప్రాయం. ఆ తర్వాత మంచం అంచున కూర్చుని, ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, తల వంచి బొటనవేళ్లతో వివరాలన్నీ కొట్టడమే ప్రాణం తీసేది. పొద్దున లేచేసరికి వేళ్లు తిమ్మిరెక్కి ఉండేవి. ఇంట్లో చెబితే ఉద్యోగం మానేయమంటారని పళ్ల బిగువున నెట్టుకొచ్చింది.

ఆమె చూసే రోగుల్లో తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దావిడ ఒకరు. ఒకప్పుడు టైపు నేర్పిన మనిషి; వీధంతా టైపు మాస్టారమ్మ అనే పిలిచేది. లేచి నడవమంటే ఒక పట్టాన వినేది కాదు.

ఒకరోజు ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే నర్సమ్మ వేళ్లకు ఏమీ తగల్లేదు. కంగారుగా మళ్లీ మళ్లీ వెతికింది.

"కంగారుపడకే, నేను బతికే ఉన్నా," అంది మాస్టారమ్మ. "నీ వేళ్లకే ఏదో అయింది. ఎన్నాళ్లుగా?"

నర్సమ్మకు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "చాలా రోజులైందమ్మా. ఎవరికీ చెప్పలేదు."

"చెప్పక ఏం బావుకున్నావ్? రోజూ మెడ వంచి ట్యాబ్ కొడుతుంటే చూస్తూనే ఉన్నా. ఆ కుర్చీ లాక్కో. బల్ల మీద దిండు వేసి దానికి ట్యాబ్ ఆనించి నిలబెట్టు. తల వంచకుండా కనబడాలి. భుజాలు వదిలెయ్. పాదాలు నేల మీద!"

"నేను ఇలా కూర్చుంటే మీరు లేచి నడుస్తారా?"

"బేరమా?" పెద్దావిడ నవ్వింది. "సరే, కానియ్."

నర్సమ్మ డాక్టరుకు చూపించుకుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని పట్టీ వేశాడు. ముందే ఎందుకు చెప్పలేదని భర్త అలిగాడు. ఆ తర్వాత రోజూ ఆమెకు జడ తనే వేశాడు, అదీ వంకరగా. అడగ్గా అడగ్గా ఆఫీసువాళ్లు చిన్న కీబోర్డూ, ట్యాబ్‌కు స్టాండూ ఇచ్చారు. నర్సమ్మ కొడుతుంటే మాస్టారమ్మ వాకర్ పట్టుకుని వెనక నిలబడి, "భుజాలు!" అని గదమాయించేది.

తిమ్మిరి పూర్తిగా పోలేదు గానీ, వేళ్లు మళ్లీ పనిలోకొచ్చాయి. మాస్టారమ్మ గుమ్మం దాటి వీధి దాకా నడిచింది. ఇక ఆ ఇంటికి రానక్కర్లేదని ట్యాబ్‌లో రాయాల్సిన రోజు వచ్చేసింది. నర్సమ్మ చేతులు ఆగిపోయాయి.

"కొట్టవే, నిజమేగా," అంది మాస్టారమ్మ. "పని మీద రావద్దులే. ఊరికే రా."

నర్సమ్మ ఇక రానక్కర్లేదని కొట్టి, ట్యాబ్ సంచిలో పెట్టి, ఇంకాసేపు అక్కడే కూర్చుంది.