ముప్పై ఒకటో ప్రశ్నకు తప్పు కీ

1981 జూన్‌లో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక కార్ఖానా శిక్షణ కేంద్రంలో, పరీక్షల విభాగానికి అసిస్టెంట్ ఆఫీసర్‌గా వేశారు. ఎమ్మెస్సీ గణితం చదివి, విజయనగరంలో రెండేళ్లు పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. మొదటి ఏడాది ప్రొబేషన్. ఆ ఏడాది పూర్తయ్యాక, సూపరింటెండెంట్ రాసే రిపోర్టును బట్టి ఉద్యోగం ఖాయం చేస్తారు. మా సూపరింటెండెంట్ ముఖర్జీ గారు. ఆయన తక్కువ మాట్లాడతారు, ఎక్కువ చదువుతారు. ఆ విభాగంలో ఆడవాళ్లలో అధికారిని నేనొక్కదాన్నే.

కార్మికుడు ఒక గ్రేడు నుంచి పై గ్రేడుకు వెళ్లాలంటే ముందు మా రాత పరీక్ష పాసవ్వాలి. నలభై ప్రశ్నలు, ప్రశ్నకో మార్కు, ఇరవై నాలుగు వస్తే పాసు. పాసైన వాళ్లందరినీ ఇంటర్వ్యూకు పిలుస్తారు, ఖాళీలను బట్టి ఎంపిక అక్కడ జరుగుతుంది. పేపరు హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉండేది. అందులో పది ప్రశ్నలు డేటా సఫిషియన్సీ అనే రకం. ఒక ప్రశ్న, దాని కింద రెండు సమాచారాలు ఇస్తాం. జవాబు కట్టనక్కర్లేదు. జవాబు తేలడానికి మొదటి సమాచారం ఒక్కటే చాలునా, రెండోది ఒక్కటే చాలునా, రెండూ కలిపితే చాలునా, రెండూ కలిపినా చాలదా అన్నది చెబితే చాలు. పెద్ద లెక్కలు రాని మనిషికి కూడా, చేతిలో ఉన్న కబురు నిర్ణయానికి సరిపోతుందో లేదో తెలిసి ఉండాలన్నది దాని ఉద్దేశం.

మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో తూకం విభాగం వాళ్లకు పరీక్ష పెట్టాం. పేపరు నేనే తయారుచేశాను. ఫలితాలు ముఖర్జీ గారి సంతకంతో నోటీసు బోర్డెక్కాయి. మూడో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, వే బ్రిడ్జిలో పనిచేసే పైడిరాజు రీచెకింగ్‌కు దరఖాస్తు పట్టుకొచ్చాడు. నలభై ఏళ్లకు దగ్గర్లో ఉన్న మనిషి. శ్రీకాకుళం వైపు వాళ్లు, భుయ్యాడీహ్‌లో కాపురం. పదిహేనేళ్లుగా వ్యాగన్లు తూస్తున్నాడు. ఇరవై మూడు మార్కుల దగ్గర ఆగిపోయాడు.

రూలు ప్రకారం రీచెకింగ్ అంటే అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మార్కులు మళ్లీ కూడడమే. జవాబుల గురించి వాదించే హక్కు అతనికి లేదు. కూడి చూశాను. ఇరవై మూడే వచ్చింది. ఆ మాట చెప్పి పేపరు మూయబోయాను.

"కూడిక తప్పని నాన్లేదు మేడమ్. ఆ ముప్పై ఒకటోది చూడండొక్కసారి. వేగన్ల లెక్క. నాను రెండోది చాలని రాసేను. మీరు కొట్టీసేరు. అది తప్పేటండి?" అన్నాడు.

ఆ ప్రశ్న ఇది. ఒక యార్డుకు రెండు రకాల వ్యాగన్లు వచ్చాయి. మొదటి రకం సగటు బరువు యాభై టన్నులు, రెండో రకం సగటు యాభై ఆరు టన్నులు. అన్నీ కలిపితే సగటు యాభై మూడు టన్నులకు మించుతుందా? మొదటి సమాచారం: మొత్తం నలభై వ్యాగన్లు. రెండో సమాచారం: మొదటి రకం కంటే రెండో రకం వ్యాగన్లే ఎక్కువ.

నా కీలో, అంటే సరైన జవాబుల పట్టికలో, "రెండూ కలిపినా చాలదు" అని ఉంది. ఏ రకం ఎన్ని వచ్చాయో తెలియకుండా సగటు ఎలా చెబుతామని అతన్నే అడిగాను. నా గొంతులో కొంచెం విసుగు ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

"సగటెంతని అడగలేదు కదండీ, యాభై మూడు దాటుతాదా అని కదా అడిగేరు. రెండు రకాలూ సమానంగుంటే సరిగ్గా నడిమికొచ్చి యాభై మూడుకాడ నిల్చుంటాది. బరువు రకం ఒక్క వేగనెక్కువున్నా అటే మొగ్గుతాది. ఎన్నున్నాయో నాకెందుకండి? కాంటా ముల్లు రోజూ చూత్తన్నోణ్ణి, అది తెలీదేటి నాకు?"

నేను వెంటనే ఒప్పుకోలేదు. రూలు అడ్డం పెట్టుకుని, కీ మీద చర్చ ఉండదని, సోమవారం కనబడమని పంపేశాను. అతను నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకుని కాగితం మీద కట్టి చూశాను. రెండు వరుసల పని. అతను చెప్పిందే నిజం. ఎలా తప్పానా అని పాత ఫైలు తీస్తే సంగతి బయటపడింది. అంతకుముందు ఏడాది పేపరులో ఇదే ప్రశ్న "మొత్తం సగటు ఎంత?" అని ఉంది. దానికి "చాలదు" అన్నదే సరైన జవాబు. ప్రశ్న కొత్తగా ఉండాలని నేను "యాభై మూడుకు మించుతుందా?" అని మార్చాను. కీ మాత్రం పాతదే దించేశాను. పేపర్లు దిద్దింది కూడా నేనే కాబట్టి, తప్పు కీతో తప్పుగానే, ఎంతో జాగ్రత్తగా దిద్దాను.

పేపర్లన్నీ మళ్లీ తిరగేశాను. ఆ జవాబు సరిగా రాసి మార్కు పోగొట్టుకున్నవాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఆ ఒక్క మార్కుతో పాసయ్యేది పైడిరాజు ఒక్కడే. కాని ఇంకో చిక్కు కనబడింది. కోల్ యార్డు కాంటాలో పనిచేసే మహతో అనే అతను సరిగ్గా ఇరవై నాలుగుతో పాసయ్యాడు. అతను ముప్పై ఒకటికి "చాలదు" అని రాశాడు. కీ దిద్దితే పైడిరాజు పైకి వస్తాడు, మహతో కిందికి పోతాడు.

శని, ఆదివారాలు సోనారిలోని మా ఇంట్లో మామూలుగా గడవలేదు. సాక్చి బజారుకు వెళ్లి కూరల సంచీ ఒక దుకాణంలో మరిచిపోయి వచ్చాను. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. దరఖాస్తుకు రూలు ప్రకారం జవాబు ఇచ్చేశాను కూడా. రెండు నెలల్లో నా ప్రొబేషన్ ముగుస్తుంది. ఇవన్నీ ఆలోచించానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడను. ఆలోచించాను. మా ఆయనకు చెబితే, "నువ్వు చెప్పకుండా ఉండలేవు. ఎప్పుడు చెబుతావన్నదే మిగిలింది" అన్నారు.

సోమవారం ఉదయం ముఖర్జీ గారి గదికి వెళ్లాను. ముప్పై ఒకటో ప్రశ్న గురించి అనగానే, మిగతాది చెప్పకముందే ఆయన ప్రశ్న మాత్రం అడిగి తీసుకుని, కీ చూడకుండా తానే చేశారు. "రెండోది చాలు" అని హిందీలో అని, అప్పుడు చెప్పమన్నారు. అంతా విన్నాక, తప్పు ఎప్పుడు కనిపెట్టావని అడిగారు. శుక్రవారం అన్నాను. ఈ రోజు సోమవారం అన్నారు. ఆయన నన్ను మందలించింది ఆ మూడు మాటలతోనే.

ఆయన నిర్ణయం పావుగంటలో అయిపోయింది. సరిగా రాసిన పదకొండు మందికీ మార్కు కలపాలి. మహతో మార్కు తీయకూడదు. ఆ మార్కు అతను అడిగి తీసుకున్నది కాదు, మనం ఇచ్చి బోర్డు మీద పెట్టింది. ఇది అర్హత పరీక్షే కనుక అతన్ని ఉంచినందువల్ల ఎవరికీ నష్టం లేదు. సవరణ నోటీసు నేను రాసి తీసుకువెళ్లాను. "ప్రశ్న తయారుచేసిన అధికారి పొరపాటు వల్ల" అన్న మాట కొట్టేసి, "ఈ కార్యాలయం పొరపాటు వల్ల" అని రాసి సంతకం చేశారు. కీని ఇంకొకరు చూశారా అని అడగకుండా ఫలితాల మీద సంతకం పెట్టింది తానేనని అన్నారు. నోటీసు మధ్యాహ్నం అతికించవచ్చు, ముందు నువ్వు వెళ్లి ఆ మనిషికి చెప్పు అన్నారు.

వే బ్రిడ్జి గదికి నేను వెళ్లడం అదే మొదటిసారి. ఇంజను వ్యాగన్లను ఒక్కొక్కటిగా కాంటా మీదికి నెడుతోంది. పైడిరాజు బరువు రాసుకుని, చెయ్యి ఊపి ఇంజనును ఆపించి బయటికి వచ్చాడు.

"మీ జవాబే సరైంది, పైడిరాజు గారూ. నా కీ తప్పు. మీరు పాసయ్యారు" అన్నాను.

అతను చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "అయితే నాను రాసింది సరేనన్నమాట" అన్నాడు. మళ్లీ వెంటనే, "మరి మహతో అలాగ రాయలేదన్నాడండి. ఆడి పేరు తీసెత్తారేటి?" అని అడిగాడు.

తీయరని చెప్పాను.

"అదీ బాగుంది. పిల్లలున్నోడు. మేడమ్‌కి చాయ్ తెండర్రా" అని లోపలికి కేకేశాడు. ఆ టీ నిలబడే తాగాను. వెనక ఇంజను డ్రైవరు ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆ సంవత్సరం ఇంటర్వ్యూలో మహతో ఎంపికయ్యాడు, పైడిరాజు కాలేదు. నాకు అన్యాయంగా తోచింది కాని, ఆ ఇంటర్వ్యూ బోర్డులో మా విభాగానికి మాట లేదు. పాసైన రాత పరీక్ష మూడేళ్లు చెల్లుతుంది కనుక మళ్లీ రాయకుండానే తరువాతి ఏడాది ఇంటర్వ్యూకు వెళ్లి గ్రేడు తెచ్చుకున్నాడు. ఆ కబురు చెప్పడానికి మా ఆఫీసుకు వచ్చినప్పుడు, ఈసారి ఇంటర్వ్యూలో ఒక్క లెక్క కూడా అడగలేదని నిరాశగా చెప్పాడు. నా ప్రొబేషన్ గడువులోగానే ఖాయమైంది. ముఖర్జీ గారు రాసిన రిపోర్టు చాలా ఏళ్లకు, నేనే ఆ విభాగం చూస్తున్నప్పుడు, నా ఫైలులో కనబడింది. తన తప్పును తానే వచ్చి చెప్పిందని ఉంది. రెండు రోజులు ఆలస్యంగా చెప్పిందని లేదు.

ఆ వారంలోనే విభాగంలో పద్ధతి మారింది. పేపరు తయారుచేసిన మనిషి కీ ఒక కవరులో పెట్టి సీలు వేయాలి. ఇంకొకరు ఆ కీ చూడకుండా పేపరంతా తానే చేసి రెండో కీ రాయాలి. రెండూ కలిసిన తరువాతే అచ్చుకు పోవాలి. రీచెకింగ్ దరఖాస్తులో "ప్రశ్న మీద అభ్యంతరం" అనే గడి ఒకటి చేర్చాం. నేను రిటైరయ్యే దాకా ఆ గడిలో రాసి వచ్చినవి చాలానే చూశాను. ఎక్కువ భాగం అభ్యర్థుల పొరపాట్లే. కొన్ని మావి.

పరీక్షలు పెట్టే పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ప్రశ్నలో ఒక్క మాట మార్చినా పాత కీ చెల్లదు, మొదటి నుంచీ కట్టాలి. తన కీని తానే సరిచూసుకున్నవాడు సరిచూసినట్టు కాదు. ఫెయిలైన మనిషి వచ్చి ఒక ప్రశ్న గురించి అడిగితే రూలు చెప్పే ముందు ఆ లెక్క చేసి చూడాలి.