పాజ్ నొక్కినచోట

మా పెదనాన్నను తెలిసినవాళ్లంతా కోతలరాయుడు అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం నవ్వి ఊరుకునేవాడు.

వయసులో ఉండగా ఆయన సినిమాల్లో డూప్. అడవిలో చిక్కుకున్న మనిషి చావు తప్పించుకుని బయటపడే ఆ పాత సినిమాలో, హీరోకి బదులు ఏట్లో దూకింది ఈయనే. రాయి తగిలి తుంటి విరిగింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఓ ఆఫీసు భవనంలో స్టూలు మీద కూర్చుని లిఫ్టు నడిపాడు. ఎక్కినవాళ్లకు ఐదో అంతస్తు వచ్చేలోపు ఏటి కథ చెప్పేసేవాడు. తెరమీద డూపుల పేర్లు వెయ్యలేదు కాబట్టి ఒక్కరూ నమ్మలేదు.

రుజువు ఒకటుండేది. సుడి తిప్పినప్పుడు రెప్పపాటు ఆయన ముఖం కెమెరా వైపు తిరుగుతుంది. క్యాసెట్ కొని తెచ్చుకున్నాడు. మీటరు చూడ్డానికి వచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి, సరిగ్గా అక్కడ పాజ్ నొక్కి, వెనక్కి తిప్పి, మళ్లీ నొక్కేవాడు. నొక్కగా నొక్కగా టేపు అక్కడే అరిగిపోయింది. సినిమా అంతా బాగానే ఉంది, ఆ ముఖం దగ్గరే తెల్లగీతలు. తన సాక్ష్యాన్ని తనే మింగేశాడు మహానుభావుడు. ఇక మీకు మిగిలింది నోరొక్కటే అని పెద్దమ్మ దెప్పేది. ఉన్నమాట మొహాన కొట్టినట్టు చెప్పే మనిషి ఆవిడ. మొగుడి సంతోషం కోసమైనా అబద్ధమాడి ఎరగదు.

పోయినేడు ఆ సినిమా కొత్త డిస్కుగా వచ్చింది. బొమ్మంతా శుభ్రం చేశారట. అప్పటికే ఆయన గుండె ఎక్కువకాలం లాగదని డాక్టరు చెప్పేశాడు.

"ఒక్కసారి కనబడితే చాలమ్మా, ఆ తర్వాత ఏమైనా పర్లేదు" అన్నాడు నాతో.

ఆదివారం మధ్యాహ్నం డిస్కు పెట్టాను. కోతలరాయుడని మొట్టమొదట పేరు పెట్టిన ఆ ఆఫీసు గుమస్తాను పెదనాన్నే పట్టుబట్టి పిలిపించాడు. ఏరు వచ్చింది. సుడి తిప్పింది. తిరిగిన ముఖం హీరోది.

అట్ట వెనక్కి తిప్పి చూశాను. పాత ప్రింటులోని లోపాలన్నీ సవరించామని గొప్పగా రాసుకున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మా పెదనాన్న ముఖం వాళ్లకొక లోపం.

గుమస్తా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఎగతాళి చేసినా ఇంత బాధపడేదాన్ని కాదు. పెదనాన్న పాజ్ నొక్కాడు, వెనక్కి తిప్పాడు, మళ్లీ నొక్కాడు. మూడోసారి పెద్దమ్మ ఆయన చేతిమీద చెయ్యేసింది.

"మీరేనండీ. నాకు తెలియదా? ఆ చెవి మీదే."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వూ కోతలు మొదలెట్టావా?" అని రిమోట్ ఆవిడ ఒళ్లో పెట్టేశాడు.

మళ్లీ ఏటి ఊసెత్తలేదు. ఆ నెలలోనే ఆస్పత్రిలో చేరాడు, తిరిగి రాలేదు. చేర్చిన రోజు పక్కబట్ట మారుస్తూ నర్సు ఆయన తుంటి మీద మచ్చ చూసి, ఇంత దెబ్బ ఎలా తగిలింది తాతా అని అడిగింది. నా ప్రాణం లేచొచ్చింది. చెబుతాడు, ఒక్కసారి చెబుతాడు అనుకున్నాను.

మెట్ల మీద జారిపడ్డానమ్మా అన్నాడు.