చెవికి అందని చెయ్యి

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డ బడిలో పిల్లల ఈడును చెవితో చూసేవారు. కుడిచేయి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవిని ముట్టుకోగలిగితే ఒకటో తరగతికి ఈడొచ్చినట్టే. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నాకైతే నవ్వు రాదు.

మా తాత నాకు దాన్ని ఆటగా నేర్పాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి, మెడ కాస్త వంచితే వేళ్లు చెవికి ఎలా తగులుతాయో చూపించేవాడు. తగిలితే బొరుగుల ఉండ పెట్టేవాడు. ఒకరోజు కొత్త గౌను తొడిగి, "పోదాం పా, అహోబిలానికి" అన్నాడు. బస్సు ఆగే చోటు దాటించి బడిలో నిలబెట్టాడు. అయ్యవారు చేయి పెట్టమంటే, తాత మురిసిపోతాడని మెడ వంచి చెవి అందుకున్నాను. వెనక్కి తిరిగేసరికి తాత లేడు.

ఆ తరగతిలో అందరూ నాకంటే పెద్దవాళ్లు. వాళ్లు ఎక్కాలు అరుస్తుంటే చెవులు మూసుకునేదాన్ని. పిలిస్తే పలికేదాన్ని కాదు. మూలన కూర్చుని చింతగింజలు వరుసగా పేర్చుకునేదాన్ని. కొన్నాళ్లకు అయ్యవారు తాతను పిలిపించి, "ఈ పాపకు ఏందో తేడా ఉండాదప్పా. మిగతా పిల్లోల్ల మాదిరి లేదు" అన్నాడు.

నేను తాత ముఖంలోకి చూశాను. దీనికింకా ఈడు రాలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన తల వంచుకున్నాడు గానీ నోరు మెదపలేదు. బడిలో వదిలి పోయినందుకు ఏడ్చి ఊరుకున్నాను. ఇది మాత్రం నా కడుపులో ఉండిపోయింది. ఆ వారమే నిజంగా అహోబిలం తీసుకెళ్లాడు, స్వామికి మొక్కి నా చేతికి దారం కట్టించడానికి. బస్సులో ఆయన ఒడిలో కూర్చోనని మొండికేశాను.

ఆ దారం చూసి పక్కింటి అక్క సంగతి అడిగింది. విన్నాక నన్ను చంకనేసుకుని నేరుగా బడికి పోయింది. అయ్యవారి ముందే నా తల నిటారుగా పట్టుకుని, చేయి పెట్టమంది. వేళ్లు నడినెత్తి దాటలేదు.

"నా బిడ్డ, ఇది, ఇద్దరూ ఒక నెలలోనే పుట్టినారు అయ్యవారూ. అదీ ఇట్నే గింజలు పేర్చుకుంటాది. దాన్ని నేనింకా బడికే పంపలే" అంది.

అయ్యవారు నన్ను ఇంటికి పంపేశాడు. మరుసటి ఏడు మళ్లీ చేరాను. నాలో తేడా ఉందని ఎవరూ అనలేదు.

మొన్న నంద్యాలలో మా మనవడికి ఆటిజం ఉందేమో చూపించమని వాడి బడివాళ్లు చెప్పారు. తరగతిలో అందరికంటే చిన్నవాడు వాడే. ఇంకొక నెల ఆగి పుట్టి ఉంటే కింది తరగతిలో ఉండేవాడు. పరీక్ష వద్దని నేననలేదు. ఉంటే తెలియాల్సిందే కదా. కానీ డాక్టరమ్మ ముందు మా అమ్మాయి బెదిరిపోయి మాట్లాడలేకపోతే నేనే అందుకున్నాను.

"తరగతి పిల్లోల్లతో వద్దమ్మా, వీని ఈడు పిల్లోల్లతో పోల్చి చూడు."

"అదే చూస్తానమ్మా" అని ఆమె వాడు పుట్టిన నెల అడిగింది.

మా తాత మంచివాడే. నేను అందరికంటే ముందు చదువుకోవాలని ఆశపడ్డాడు. అయినా ఆయన్ని క్షమించానని చెప్పలేను. ఆనాడు ఆయన మింగేసిన మాటను నా మనవడి కోసం నేను చెప్పాను, అంతే.